శీర్షికలో వెతికితే శీర్షికలోనే దొరకాలి: ఫీల్డ్ సెర్చ్ సెట్ చేసుకునే పద్ధతి

మీ చేతిలో ఒక పుస్తకాల కేటలాగ్ ఉందనుకోండి. ఒక్కో పుస్తకానికి శీర్షిక, రచయిత, సారాంశం, విషయాలు, ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య), అచ్చయిన సంవత్సరం ఉన్నాయి. వీటిలో ఒక్కోదాన్ని ఫీల్డ్ అంటారు. ఎవరో వచ్చి సెర్చ్ బాక్సులో "నీరు" అని కొట్టారు. సారాంశంలో ఎక్కడో ఒక మూల నీరు అన్న మాట ఉన్న పుస్తకాలన్నీ వరస కట్టాయి. ఆ మనిషికి కావలసింది పేరులోనే నీరు ఉన్న పుస్తకం. అది మూడో పేజీలో ఉంది, అక్కడిదాకా ఆయన వెళ్లడు. ఫీల్డ్ సెర్చ్ అవసరం సరిగ్గా ఇక్కడే వస్తుంది: ఏ మాట కోసం వెతకాలో చెప్పడంతో పాటు, ఆ మాటని ఎక్కడ వెతకాలో కూడా సెర్చ్ ఇంజిన్‌కి చెప్పడం.

దీన్ని మొదటిసారి చేసేవాళ్లు చాలామంది క్వెరీ (ఇంజిన్‌కి ఇచ్చే వెతుకులాట ఆదేశం) రాయడంతో మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. పని చేస్తూ పోతే అర్థమైంది ఏమిటంటే, క్వెరీ రాసే సమయానికి ఆట చాలావరకు అయిపోయి ఉంటుంది. డాక్యుమెంట్ (ఇక్కడ ఒక పుస్తకం వివరాలు) ఇంజిన్ దాచుకునే సూచి అయిన ఇండెక్స్‌లోకి వెళ్లేటప్పుడు ఒక్కో ఫీల్డ్‌ని మీరు ఎలా ముక్కలు చేసి పెట్టారన్నదాన్ని బట్టే తర్వాత ఏది దొరుకుతుంది, ఏది దొరకదు అన్నది తేలుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం క్వెరీకి ముందు చేయాల్సిన పని గురించే.

ఉదాహరణలన్నీ ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతాను. 2021లో దాని నుంచి విడిపోయిన ఓపెన్‌సెర్చ్‌కి కూడా ఇవి దాదాపు అలాగే వర్తిస్తాయి. ఈ రెండూ, సోలర్ అనే ఇంకో ఇంజిన్ కూడా, 1999లో డగ్ కటింగ్ రాసిన లూసీన్ లైబ్రరీ మీదే నడుస్తాయి కాబట్టి లోపలి తర్కం ఒకటే. వేరే ఇంజిన్లు వాడేవాళ్ల కోసం చివర్లో కొన్ని మాటలు చెబుతాను.

ముందుగా లోపల ఏం జరుగుతుందో ఒక్క నిమిషం చూద్దాం. పుస్తకం వెనక పదసూచి ఉంటుంది కదా, ఈ పదం ఫలానా పేజీల్లో ఉంది అని. సెర్చ్ ఇండెక్స్ కూడా అదే. తేడా ఏమిటంటే, లూసీన్‌లో ప్రతి ఫీల్డ్‌కీ విడిగా ఒక పదసూచి ఉంటుంది. "శీర్షికలో ఉన్న నీరు", "సారాంశంలో ఉన్న నీరు" అన్నవి ఇంజిన్ దృష్టిలో రెండు వేర్వేరు పదాలు. అంటే ఫీల్డ్ సెర్చ్ చేసినప్పుడు ఇంజిన్ ముందు అంతా వెతికి తర్వాత వడపోయదు. నేరుగా ఆ ఫీల్డ్ జాబితానే తెరుస్తుంది. అందుకే అది వేగంగా ఉంటుంది. ఆ జాబితాలో మీ పదం మీరు టైప్ చేసిన రూపంలోనే లేకపోతే ఏమీ దొరకకపోవడానికి కారణం కూడా ఇదే.

అడుగు 1: కాగితం మీద ఫీల్డులు రాసుకోండి

కంప్యూటర్ ముట్టుకోకముందే ఒక కాగితం తీసుకుని ఫీల్డుల పేర్లు నిలువుగా రాయండి. ఒక్కోదాని ఎదురుగా ఒకే ప్రశ్న వేసుకోండి: దీన్ని వెతకాలనుకునే మనిషి ఏం టైప్ చేస్తాడు?

శీర్షికలో ఒకటి రెండు పదాలు గుర్తుంటాయి, అవే టైప్ చేస్తాడు. రచయిత పేరులో ఇంటిపేరు ఒక్కటే గుర్తుండొచ్చు. ఐఎస్‌బీఎన్ అయితే మొత్తం నంబరు అతికిస్తాడు, సగం నంబరుతో ఎవరూ వెతకరు. సంవత్సరం విషయంలో "2010 తర్వాతవి" అంటాడు. అట్ట బొమ్మ ఫైలు ఎక్కడుందో ఎవరూ వెతకరు, చూపించడానికి ఉంటే చాలు. దానికి ఇండెక్స్ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేసేయండి, చోటు కలిసొస్తుంది.

ఈ కాగితం పావుగంట పని. తర్వాతి అడుగులన్నీ దీని మీదే ఆధారపడతాయి.

అడుగు 2: ఒక్కో ఫీల్డ్‌కి రకం ఇవ్వండి

ఎక్కువగా గందరగోళపడేది టెక్స్ట్, కీవర్డ్ అనే రెండు రకాల మధ్య. టెక్స్ట్ అంటే విలువని పదాలుగా విడగొట్టి దాస్తుంది. కీవర్డ్ అంటే మొత్తం విలువని ఒకే ముద్దగా, ఉన్నది ఉన్నట్టు దాస్తుంది. వాక్యాల్లో వెతకడానికి టెక్స్ట్ కావాలి. వడపోతకి, అక్షరక్రమంలో పేర్చడానికి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి కీవర్డ్ కావాలి.

ఒకసారి నేను రచయిత ఫీల్డ్‌ని కీవర్డ్‌గా పెట్టాను. పక్కన రచయితల జాబితా చూపించాలి, నొక్కితే వాళ్ల పుస్తకాలు రావాలి, దానికి కీవర్డే సరైనది. జాబితా చక్కగా పనిచేసింది. కానీ సెర్చ్ బాక్సులో ఇంటిపేరు కొడితే సున్నా ఫలితాలు. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఇంజిన్ దృష్టిలో ఇనీషియల్స్‌తో సహా పూర్తి పేరే ఒక పదం, ఇంటిపేరు ఒక్కటే అన్న పదం ఆ జాబితాలో లేదు. వాడేవాళ్లు మాత్రం ఆ రచయిత పుస్తకాలు మా దగ్గర లేవనుకుని వెళ్లిపోయారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే పుస్తకాలు ఉన్నాయి.

దీనికి పరిష్కారం రెంటిలో ఒకటి ఎంచుకోవడం కాదు, రెండూ పెట్టుకోవడం. ఒకే విలువని రెండు మూడు విధాలుగా దాచుకునే సదుపాయం ఉంది, దాన్ని మల్టీ ఫీల్డ్స్ అంటారు. పైన రచయిత అనే టెక్స్ట్ ఫీల్డ్, దాని కింద అదే విలువకి కీవర్డ్ రూపం. వెతకడానికి పైది, వడపోతకి కిందిది. మీరు మ్యాపింగ్ (ఏ ఫీల్డ్ ఏ రకమన్న వివరం) ఏమీ చెప్పకుండా డేటా పంపినా ఎలాస్టిక్‌సెర్చ్ తనంతట తాను ఇలాగే చేస్తుంది. అయితే అలా వచ్చిన కీవర్డ్ రూపంలో 256 అక్షరాలు దాటిన విలువలు ఇండెక్స్ కావని గుర్తుంచుకోండి.

ఐఎస్‌బీఎన్‌ని అంకెలే కదా అని నంబరుగా పెట్టకండి. దాన్ని ఎవరూ కూడరు, తీసివేయరు, దాని మీద పరిధి అడగరు. పైగా 10 అంకెల పాత ఐఎస్‌బీఎన్ చివర ఎక్స్ అనే అక్షరం కూడా రావచ్చు. కీవర్డ్‌గా పెట్టి, మధ్యలో వచ్చే అడ్డగీతలు తీసేసే నార్మలైజర్ (విలువని ఒకే రూపానికి తెచ్చేది) తగిలించండి. అప్పుడు గీతలతో అతికించినా, గీతలు లేకుండా అతికించినా అదే పుస్తకం వస్తుంది. సంవత్సరం మాత్రం కచ్చితంగా సంఖ్యగా ఉండాలి. అంకెల్ని అక్షరాలుగా దాస్తే 9 కంటే 10 ముందు వచ్చి కూర్చుంటుంది.

అడుగు 3: ఎనలైజర్

తెలుగు డేటా ఉన్నవాళ్లు అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి.

ఎనలైజర్‌లో మూడు దశలుంటాయి. ముందు అక్షరాల స్థాయిలో శుభ్రం చేస్తుంది, తర్వాత పదాలుగా విడగొడుతుంది, ఆపైన ఒక్కో పదాన్ని సరిదిద్దుతుంది. ఇండెక్స్ చేసేటప్పుడు డాక్యుమెంట్ ఈ దారిలో వెళ్తుంది. వెతికేటప్పుడు వాడేవాళ్లు టైప్ చేసిన మాట కూడా ఇదే దారిలో వెళ్తుంది. రెండూ చివరికి ఒకే రూపానికి చేరితేనే కలుస్తాయి.

ఒక పదాన్ని దగ్గరగా చూద్దాం. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట్, వే రెండూ అతుక్కుపోకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పడుతుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. వేయకపోతే అదే మాట సాఫ్ట్వేర్ అని కనిపిస్తుంది. మనిషికి రెండూ ఒకటే. ఇంజిన్‌కి ఇవి రెండు వేర్వేరు పదాలు. పదాలుగా విడగొట్టే స్టాండర్డ్ టోకెనైజర్ ఆ కనిపించని అక్షరాన్ని పదంలోనే ఉంచేస్తుంది కాబట్టి, కేటలాగ్ ఎక్కించినవాళ్లది ఒక కీబోర్డు, వెతికేవాళ్లది ఇంకో కీబోర్డు అయితే కథ అక్కడితో ముగిసింది. ఆన్‌లైన్, ఫేస్‌బుక్, హార్డ్‌వేర్, ఇలా ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాటలు వందలకొద్దీ దీని బారిన పడతాయి.

పరిష్కారం చాలా తేలిక. మొదటి దశలో మ్యాపింగ్ క్యారెక్టర్ ఫిల్టర్ (ఒక అక్షరం బదులు ఇంకోటి పెట్టేది) పెట్టి ఆ అక్షరాన్ని ఖాళీతో మార్చేయమనండి. ఖాళీ అంటే స్పేస్ కాదు, ఏమీ లేకపోవడం. స్పేస్ పెడితే పదం రెండు ముక్కలవుతుంది. ఇంకా మంచి దారి యూనికోడ్ పనులు చూసే ఐసీయూ ప్లగిన్ వేసుకోవడం. దానిలోని నార్మలైజర్ డిఫాల్ట్ సెట్టింగ్‌లోనే ఈ కనిపించని అక్షరాల్ని తీసేస్తుంది. దాంతోపాటు ఇంకో పని కూడా చేస్తుంది. తెలుగులో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం గుర్తుకి కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. నార్మలైజర్ ఆ రెంటినీ ఒకటి చేస్తుంది.

రెండో సమస్య విభక్తులది. పుస్తకంలో, పుస్తకంతో, పుస్తకానికి, పుస్తకాలు: మనం ప్రత్యయాన్ని పదానికి అతికించి రాస్తాం. పుస్తకం అని వెతికితే వీటిలో ఒక్కటీ రాదు. దీనికి చాలామంది పదం మొదటి భాగాల్ని దాచుకునే ఎడ్జ్ ఎన్‌గ్రామ్ వాడతారు. వాడండి, కానీ లెక్క తెలుసుకుని వాడండి. అది లెక్కపెట్టేది మన కంటికి కనిపించే అక్షరాల్ని కాదు, యూనికోడ్ గుర్తుల్ని. పుస్తకం మనకి మూడు అక్షరాలు, ఒక సున్నా. ఇంజిన్‌కి ప, ఉత్వం, స, పొల్లు, త, క, సున్నా, మొత్తం 7. ఆ ఫిల్టర్ డిఫాల్ట్‌గా 1 నుంచి 2 గుర్తుల వరకే దాస్తుంది. అంటే మీకు మిగిలేవి "ప", "పు" అనే ముక్కలే. కనీసం 3 నుంచి 15 దాకా పెట్టుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ ముక్కలు చేయడం ఇండెక్స్ వైపు మాత్రమే జరగాలి. వెతికేటప్పుడు వాడే సెర్చ్ ఎనలైజర్‌ని విడిగా, ఎన్‌గ్రామ్ లేకుండా ఇవ్వండి. లేదంటే పుస్తకం అని వెతికినప్పుడు "పుస్" అన్న ముక్క కూడా వెతుకులాటలోకి దిగి, పుస్‌తో మొదలయ్యే పదాలన్నీ వచ్చి పడతాయి.

ఎన్‌గ్రామ్‌తో పుస్తకంలో, పుస్తకంతో దొరుకుతాయి. పుస్తకాలు, పుస్తకానికి దొరకవు, ఎందుకంటే వాటిలో క తర్వాత సున్నా లేదు, దీర్ఘం ఉంది. ఆ పని స్టెమ్మర్ (పదాన్ని మూలరూపానికి కుదించేది) చేయాలి. లూసీన్ 9లో తెలుగుకి ప్రత్యేకంగా ఎనలైజర్, స్టెమ్మర్ ఉన్నాయి. మీ ఇంజిన్ వెర్షన్ దాన్ని వాడుకోనిస్తుందో లేదో చూసి, కుదిరితే దాన్ని ఒక ఉపఫీల్డ్‌గా (మల్టీ ఫీల్డ్స్‌లో కింద పెట్టే రూపంగా) పెట్టి ప్రయత్నించండి.

ఇక నీరు, నీటి, ఇల్లు, ఇంటి, చేయి, చేతి. బడిలో ఔపవిభక్తికాలని చదువుకున్నవే. ఇక్కడ పదం అసలు రూపమే మారిపోతుంది కాబట్టి ఎన్‌గ్రామ్ ఏమీ చేయలేదు. అదృష్టవశాత్తు రోజువారీ వాడుకలో ఇలాంటివి మరీ ఎక్కువేమీ లేవు. కూర్చుని జాబితా రాసుకుని స్టెమ్మర్ ఓవర్‌రైడ్ ఫిల్టర్‌లో పెట్టేయండి: ఇంటి అంటే ఇల్లు, నీటి అంటే నీరు. ఒక సాయంత్రం పని. నా అనుభవంలో ఇంత తక్కువ శ్రమకి ఇంత ఎక్కువ ఫలితం ఇచ్చే పని సెర్చ్‌లో ఇంకోటి లేదు.

ఏ మార్పు చేసినా ఎనలైజ్ అనే ఏపీఐకి (ప్రోగ్రాములు ఇంజిన్‌ని అడిగే దారి) ఒక మాట పంపి, ఏ టోకెన్లు (విడగొట్టిన పదాలు) వస్తున్నాయో కళ్లతో చూడండి. ఊహించుకోవద్దు. ఫీల్డ్ పేరు కూడా ఇస్తే ఆ ఫీల్డ్‌కి నిజంగా ఏ ఎనలైజర్ తగిలిందో దానితోనే ముక్కలు చేసి చూపిస్తుంది.

అడుగు 4: మ్యాపింగ్‌కి తాళం వేయండి

డైనమిక్ అనే సెట్టింగ్‌ని స్ట్రిక్ట్ చేయండి. ఇలా చేస్తే మీరు చెప్పని ఫీల్డ్‌తో డాక్యుమెంట్ వస్తే ఇంజిన్ దాన్ని వెనక్కి కొడుతుంది. విసుగ్గా అనిపించినా ఇదే మంచిది. లేకపోతే డేటా పంపే ప్రోగ్రాములో ఎవరో "రచయిత"ని "రచయత" అని రాస్తే ఆ పేరుతో కొత్త ఫీల్డ్ పుడుతుంది, అందులోకి వెళ్లిన డేటా ఎవరికీ కనిపించదు.

ఒకసారి పెట్టిన ఫీల్డ్ రకాన్ని, దాని ఇండెక్స్ ఎనలైజర్‌ని అక్కడికక్కడ మార్చలేరు. కొత్త ఇండెక్స్ చేసి, డేటా అంతా మళ్లీ ఎక్కించాల్సిందే. కాబట్టి మొదటి రోజు నుంచే మీ ప్రోగ్రాము ఇండెక్స్ అసలు పేరుతో కాకుండా ఎలియాస్‌తో (మారుపేరుతో) మాట్లాడేలా చూడండి. రేపు కొత్త ఇండెక్స్ తయారయ్యాక ఎలియాస్‌ని పాతదాని నుంచి కొత్తదానికి ఒకే దెబ్బలో తిప్పొచ్చు, వాడేవాళ్లకి తెలియను కూడా తెలియదు.

అడుగు 5: ఒక ఫీల్డ్‌లో వెతకడం

ఇప్పుడు క్వెరీ. టెక్స్ట్ ఫీల్డ్‌కి మ్యాచ్, కీవర్డ్ ఫీల్డ్‌కి టర్మ్. టర్మ్ క్వెరీ మీ మాటని ఎనలైజర్ గుండా పంపదు, మీరిచ్చింది ఇచ్చినట్టే వెతుకుతుంది (కీవర్డ్‌కి నార్మలైజర్ ఉంటే అది మాత్రం వర్తిస్తుంది). టెక్స్ట్ ఫీల్డ్ మీద టర్మ్ వాడి, రెండు పదాలు ఇచ్చి, ఏమీ రావడం లేదని తలపట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. రెండు పదాలు కలిసి ఉన్న టోకెన్ టెక్స్ట్ ఫీల్డ్‌లో ఉండదు కదా.

పదాలు అదే వరసలో పక్కపక్కన ఉండాలంటే మ్యాచ్ ఫ్రేజ్. ఒక పుస్తకానికి ఇద్దరు ముగ్గురు రచయితలుంటే, ఒకరి పేరు చివర ఇంకొకరి పేరు మొదలు కలిసిపోయి ఫ్రేజ్‌గా దొరుకుతాయేమో అన్న భయం అక్కర్లేదు. ఇంజిన్ ఆ విలువల మధ్య డిఫాల్ట్‌గా 100 స్థానాల ఎడం వదులుతుంది.

క్వెరీని ఒకే వాక్యంగా రాసే పద్ధతి కూడా ఉంది, క్వెరీ స్ట్రింగ్. ఫీల్డ్ పేరు, రెండు చుక్కలు, పదం:

శీర్షిక:నీరు

చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దీనిలో ఒక ఉచ్చు ఉంది. ఇలా రాశారనుకోండి:

శీర్షిక:నీటి పొదుపు

రెండు పదాలూ శీర్షికలో వెతుకుతుందనే ఎవరైనా అనుకుంటారు. కాదు. శీర్షిక అన్నది మొదటి పదానికే వర్తిస్తుంది. పొదుపు అన్నది డిఫాల్ట్ ఫీల్డులన్నిటిలో వెతుకుతుంది, పైగా రెంటిలో ఏది ఉన్నా చాలనుకుంటుంది. సారాంశంలో డబ్బు పొదుపు గురించి ఉన్న పుస్తకం కూడా వచ్చేస్తుంది. రెండూ శీర్షికలోనే కావాలంటే కుండలీకరణాలు పెట్టి, మధ్యలో AND రాయాలి:

శీర్షిక:(నీటి AND పొదుపు)

పక్కపక్కనే కావాలంటే ఉటంకింపు గుర్తులు:

శీర్షిక:"నీటి పొదుపు"

నమ్మకం కుదరకపోతే వాలిడేట్ ఏపీఐకి ఎక్స్‌ప్లెయిన్ జోడించి అడగండి. ఇంజిన్ మీ వాక్యాన్ని లోపల ఎలా విడదీసుకుందో, ఏ పదాన్ని ఏ ఫీల్డ్‌కి కట్టిందో రాసి చూపిస్తుంది.

అడుగు 6: చాలా ఫీల్డుల్లో ఒకేసారి వెతకడం

వాడేవాళ్లలో ఎక్కువమంది ఫీల్డ్ చెప్పరు. ఒకే బాక్సులో అన్నీ కొడతారు. కాబట్టి ఏ ఫీల్డ్‌లో దొరికితే ఎంత విలువ అన్నది మీరే నిర్ణయించాలి. మల్టీ మ్యాచ్ క్వెరీలో ఫీల్డ్ పేరు పక్కన బరువు రాస్తారు: శీర్షిక^3, రచయిత^2, సారాంశం.

బరువుల విషయంలో చేయి అదుపులో పెట్టుకోండి. శీర్షికకి 50 పెట్టినవాళ్లని చూశాను. లూసీన్ 6 నుంచి డిఫాల్ట్‌గా ఉన్న బీఎమ్25 అనే స్కోరు పద్ధతి ఒక ఫీల్డ్‌లో అరుదుగా కనిపించే పదానికి ముందే మొగ్గు చూపుతుంది. మూడు వందల పదాల సారాంశాల్లో కంటే నాలుగు పదాల శీర్షికల్లో ఒక పదం అరుదుగా వస్తుంది కాబట్టి, శీర్షికలో దొరికితే చాలాసార్లు స్కోరు ముందే ఎక్కువ వస్తుంది. దాని మీద మీరు 50 పెడితే సారాంశం ఉన్నా లేనట్టే. 2, 3తో మొదలుపెట్టి చూసుకుంటూ మార్చండి. ఎన్‌గ్రామ్ ఉపఫీల్డ్‌కి మాత్రం అసలు ఫీల్డ్ కంటే తక్కువ బరువే ఇవ్వండి. పూర్తి పదం కలిసినది ఎప్పుడూ పైన ఉండాలి.

ఇప్పుడు చాలామందిని ముంచే చోటు. ఎవరో రచయిత ఇంటిపేరు, శీర్షికలోని ఒక పదం కలిపి కొట్టారు. మీరు కచ్చితత్వం కోసం ఆపరేటర్‌ని యాండ్ చేశారు. ఫలితం సున్నా. ఎందుకంటే మల్టీ మ్యాచ్ డిఫాల్ట్ పద్ధతి బెస్ట్ ఫీల్డ్స్. అందులో యాండ్ అంటే పదాలన్నీ ఒకే ఫీల్డ్‌లో ఉండాలని అర్థం. ఇంటిపేరు రచయితలో ఉంది, రెండో పదం శీర్షికలో ఉంది. ఏ ఒక్క ఫీల్డ్‌లోనూ రెండూ లేవు.

దీనికి దారులున్నాయి. క్రాస్ ఫీల్డ్స్ అనే పద్ధతి ఫీల్డులన్నీ కలిపి ఒకటే పెద్ద ఫీల్డ్ అన్నట్టు చూస్తుంది. కానీ ఆ ఫీల్డులకి ఒకే ఎనలైజర్ ఉండాలి. వేర్వేరు ఎనలైజర్లుంటే గుంపులుగా విడగొట్టేసి, మళ్లీ మొదటి సమస్యకే తెస్తుంది. ఎలాస్టిక్‌సెర్చ్ 7.13 వెర్షన్ నుంచి కంబైన్డ్ ఫీల్డ్స్ అనే క్వెరీ కూడా వచ్చింది, దానికీ ఇదే షరతు. మూడోది, నాకు ఇష్టమైనది, కాపీ టూ. శీర్షిక, రచయిత, విషయాల విలువల్ని ఇండెక్స్ చేసేటప్పుడే "అన్నీ" అనే ఇంకో ఫీల్డ్‌లోకి కాపీ చేయిస్తారు. అన్నీ ఫీల్డ్‌లో పదాలన్నీ ఉండి తీరాలని షరతు పెట్టి, వరస నిర్ణయించడానికి మాత్రం శీర్షిక, రచయితల బరువులు వాడతారు. ఏది వస్తుందన్నది ఒకచోట, ఏది ముందు వస్తుందన్నది ఇంకోచోట తేలుతుంది. ఆరు నెలల తర్వాత మళ్లీ చూసినా అర్థమయ్యే క్వెరీ ఇది. ఇండెక్స్ కొంచెం పెరుగుతుంది, పరవాలేదు.

అడుగు 7: వాడేవాళ్ల చేతికి ఇచ్చేముందు

శీర్షిక:నీరు అని రాసే సౌకర్యం వాడేవాళ్లకీ ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వండి, కానీ క్వెరీ స్ట్రింగ్‌ని నేరుగా వాళ్ల చేతిలో పెట్టకండి. ఒక కుండలీకరణం మూయడం మరిచిపోతే అది ఎర్రర్ ఇస్తుంది. పదం ముందు నక్షత్రం గుర్తు పెడితే పదసూచి మొత్తం తిరగేయాల్సి వస్తుంది, డిఫాల్ట్‌గా అది అనుమతిస్తుంది కూడా. వాళ్లు చూడకూడని ఫీల్డ్ ఇండెక్స్‌లో ఉంటే దాని పేరు రాసి అందులోనూ వెతకొచ్చు. ఇంకోటి, ఎవరో "నీరు: ఒక పరిచయం" అని ఒక పేరుని ఉన్నదున్నట్టు అతికిస్తే, నీరు అనే ఫీల్డ్ ఉందనుకుని అందులో వెతుకుతుంది. అలాంటి ఫీల్డ్ లేదు. లేదని చెప్పదు, ఆ భాగానికి ఏమీ దొరకలేదంటుంది.

సింపుల్ క్వెరీ స్ట్రింగ్ అనే తమ్ముడు ఎర్రర్లు ఇవ్వడు, కానీ ఫీల్డ్ పేరు రాసే పద్ధతి అతనికి తెలియదు. అందుకని మీ ప్రోగ్రాములోనే ఒక చిన్న పని చేసుకోండి. రెండు చుక్కలకి ముందు ఉన్న మాట మీరు అనుమతించిన నాలుగైదు పేర్లలో ఉందా చూడండి. ఉంటే ఆ ఫీల్డ్‌కి మ్యాచ్ క్వెరీ కట్టండి. లేకపోతే రెండు చుక్కల్ని మామూలు విరామ చిహ్నంగా వదిలేసి మొత్తం మాటని అన్నిటిలో వెతకండి. పేరు, శీర్షిక, టైటిల్ మూడింటినీ ఒకే ఫీల్డ్‌కి కట్టడం కూడా ఇక్కడే తేలిగ్గా కుదురుతుంది. సోలర్ వాడేవాళ్లకి ఎక్స్‌టెండెడ్ డిస్‌మ్యాక్స్ పార్సర్‌లో యూజర్ ఫీల్డ్స్ సెట్టింగ్ ఈ జాబితా పనే చేస్తుంది.

మీది వేరే ఇంజిన్ అయితే

ఎస్‌క్యూలైట్ ఎఫ్‌టీఎస్5లోనూ ఫీల్డ్ పేరు, రెండు చుక్కలు, పదం పద్ధతే. బరువులు బీఎమ్25 ఫంక్షన్‌కి కాలమ్‌ల వరసలో ఇస్తారు. అక్కడ స్కోరు రుణసంఖ్యగా వస్తుంది, ఎంత చిన్నదైతే అంత మంచిది. కాబట్టి పెద్దది పైన పెట్టకండి. తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. దాని డిఫాల్ట్ టోకెనైజర్ యూనికోడ్61 అక్షరాల్ని, అంకెల్నే పదంలో భాగమనుకుంటుంది. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా దానికి పదాల్ని విడగొట్టే గీతలు. పుస్తకం అన్న మాట ప, స, తక అని మూడు పదాలైపోతుంది. టేబుల్ చేసేటప్పుడే కేటగిరీస్ ఆప్షన్‌లో ఎమ్ఎన్, ఎమ్‌సీ అనే రెండు గుర్తుల వర్గాల్ని కూడా చేర్చండి.

స్ఫింక్స్‌లో ఫీల్డ్ పేరు ముందు @ గుర్తు పెడతారు. అక్కడ క్యారెక్టర్ టేబుల్‌లో తెలుగు అక్షరాల్ని మీరే చేర్చాలి, లేకపోతే తెలుగు పదాలు దానికి కనిపించవు. దానిలో నాకు నచ్చిన ఒక సదుపాయం, ఫీల్డ్ పేరు పక్కన చదరపు బ్రాకెట్లలో 50 అని రాస్తే మొదటి 50 పదాల్లోనే వెతుకుతుంది. పొడుగాటి వ్యాసాల్లో మొదటి పేరాలో వచ్చిన మాటకి విలువ ఇవ్వాలంటే ఇది చాలా బాగా పనికొస్తుంది.

పోస్ట్‌గ్రెస్‌లో ఫీల్డులకి పేర్లుండవు, ఏ, బీ, సీ, డీ అనే నాలుగు ముద్రలే ఉంటాయి. వాటి డిఫాల్ట్ బరువులు 1.0, 0.4, 0.2, 0.1. నాలుగు కంటే ఎక్కువ ఫీల్డుల్ని విడివిడిగా వెతకాలంటే వేర్వేరు కాలమ్‌లు చేసుకోవాలి. మైఎస్‌క్యూఎల్‌లో మ్యాచ్‌లో రాసే కాలమ్‌ల జాబితా, ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్‌లోని జాబితా ఒకటే అయి ఉండాలి. శీర్షిక ఒక్కదానిలోనే వెతకాలంటే దానికి విడిగా ఇంకో ఇండెక్స్ కావాలి.

పరీక్ష

నిజంగా జనం వెతికే మాటలు ఒక ముప్పై రాసుకోండి. ఒక్కోదాని ఎదురుగా ఏ పుస్తకం పైన రావాలో రాయండి. వాటిలో కనిపించని అక్షరం ఉన్నదొకటి, లేనిదొకటి, విభక్తితో ఒకటి, రచయితని శీర్షికని కలిపినదొకటి, రెండు చుక్కలున్నదొకటి, గీతలతో ఐఎస్‌బీఎన్ ఒకటి ఉండి తీరాలి. బరువు మార్చినా, ఎనలైజర్ మార్చినా మొత్తం ముప్పై మళ్లీ నడపండి. ఒకదాన్ని బాగుచేస్తే ఇంకోటి చెడడం సెర్చ్‌లో మామూలే, అది మీకంటే ముందు వాడేవాళ్లకి తెలియకూడదు.

రావాల్సిన పుస్తకం కిందికి వెళ్లిపోతే ఎక్స్‌ప్లెయిన్ ఏపీఐ అడగండి. ఏ ఫీల్డ్‌లో ఏ పదానికి ఎంత స్కోరు వచ్చిందో కూడికలతో సహా చూపిస్తుంది. మొదట చూసినప్పుడు టెన్షన్ పుట్టించేంత పొడుగ్గా ఉంటుంది. అంతా కాకుండా, ఫీల్డ్ పేర్లు ఉన్న వరసలు మాత్రమే చదువుకుంటూ వెళ్లండి. ఏ ఫీల్డ్ పేరైతే అసలు కనిపించదో, ఆ ఫీల్డ్ ఎనలైజర్ దగ్గరికే తిరిగి వెళ్లాలి.

విడుదల చేశాక సున్నా ఫలితాలు వచ్చిన వెతుకులాటల్ని విడిగా లాగ్ చేసుకుని వారానికోసారి చదవండి. మొదటి నెలలో ఔపవిభక్తికాల జాబితాకి కొత్త మాటలు, అనుమతించిన ఫీల్డ్ పేర్ల జాబితాకి కొత్త మారుపేర్లు ఈ లాగ్ నుంచే దొరుకుతాయి. అవి చేర్చి, కొత్త ఇండెక్స్ కట్టి, ముప్పై పరీక్షలూ నడిపి, అప్పుడు ఎలియాస్ తిప్పండి. పాత ఇండెక్స్‌ని ఇంకో రెండు రోజులు ఉంచి ఆ తర్వాత తీసేయండి.